ఆ చీర రంగు ఏ తెర మీద నిజం?

కంప్యూటర్ తెరలు, ఫోటోలు, అచ్చు రంగుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, విజయవాడలో పెళ్లి ఆల్బమ్‌ల ల్యాబులో చాలాకాలం కలర్ కరెక్షన్ చేసిన మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు.

ప్రశ్న: అక్కా, మాది పోచంపల్లి. మా మామగారు, మావారు మగ్గం నేస్తారు. చీరల ఫోటోలు నేనే తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి అమ్ముతుంటాను. ఈమధ్య ఫోటోలు సరిచేసుకోవడానికని ల్యాప్‌టాప్ కొన్నాం. అందులో వంగపండు రంగు చీర వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. అదే ఫోటో ఫోనులో మెరిసిపోతోంది. ల్యాప్‌టాప్‌లో బాగా కనబడేదాకా రంగు పెంచి పంపితే, ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు అంటూ చీరలు వెనక్కి పంపిస్తున్నారు. తెర రంగులు సరిచేసే పరికరం ఒకటి ఉందట. కొనమంటారా? రెండు తెరల్లో దేన్ని నమ్మాలి?
– పోచంపల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పరికరం ఇప్పుడే కొనకమ్మా. అది పదివేల రూపాయల పైమాట. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, నీ ల్యాప్‌టాప్ తెరకు అది చేయగలిగింది చాలా తక్కువ.

ముందు ల్యాప్‌టాప్ పెట్టె మీదో, కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాల్లోనో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉందేమో చూడు. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం నిర్ణయించిన రంగుల పరిధి. ఇప్పుడు మనం ఇంటర్నెట్‌లో చూసే ఫోటోలు దాని ప్రకారం తయారు కావు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అనే పరిధి ప్రకారం ఎక్కువగా తయారవుతాయి. ఎస్‌ఆర్‌జీబీ విస్తీర్ణం ఆ పాత ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 72 శాతం. కాబట్టి 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్న తెర ఎస్‌ఆర్‌జీబీ రంగులను ఇంచుమించు అన్నిటినీ చూపుతుంది. 45 శాతం అని ఉంటే, 45ను 72తో భాగించి శాతంలో చూడు, 62 దగ్గర ఆగుతుంది. అంటే ఫోటోలో ఉండగలిగిన రంగుల పరిధిలో మూడోవంతుకు పైగా ఆ తెర మీదికి రానే రాదు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే తెర. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో పెద్ద అక్షరాల్లో వేసి, తెర గురించిన ఈ ఒక్క అంకెను ఎక్కడో అడుగున చిన్నగా వేస్తారు. కొన్నిసార్లు అసలు వేయరు. రంగు మీద బతికే నీలాంటివాళ్లకు అది అన్యాయం అని నా అభిప్రాయం.

ఇలాంటి తెర మీద ముందు దెబ్బతినేవి చిక్కటి రంగులు. వంగపండు, బచ్చలిపండు, మిరపపండు ఎరుపు, కనకాంబరం అన్నీ పాలిపోతాయి. గంధం రంగు, ముక్కుపొడి రంగు లాంటి మెత్తని రంగులు మాత్రం బాగానే కనిపిస్తాయి. ఈసారి గమనించు, వెనక్కి వస్తున్న చీరల్లో ఎక్కువ భాగం మొదటి జట్టువే అయి ఉంటాయి. తెర మీద రంగు చాలడం లేదని నువ్వు ఫోటోలో రంగు పెంచుతున్నావు. ఆ ఫోటో కొనేవాళ్ల ఫోనులోకి వెళ్లేసరికి, అక్కడి తెర ఆ రంగునంతా చూపగలదు కాబట్టి చీర మండిపోతున్నట్టు కనిపిస్తోంది.

ఆ పరికరం చేసే పనిని క్యాలిబ్రేషన్ అంటారు. అంటే తెరలో ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను సరైన పాళ్లలో నిలబెట్టడం. తెరకు లేని రంగును అది పుట్టించలేదు. హార్మోనియంలో లేని మెట్టును ఎంత శ్రుతి చేసినా పలికించలేం కదా.

ఇక నీ ఫోను. అది కూడా అబద్ధం చెబుతోంది, రెండో వైపు నుంచి. చాలా ఫోన్లు కొన్నప్పుడే ‘వివిడ్’ అనే పద్ధతిలో ఉంటాయి. అందులో ప్రతి రంగూ ఉన్నదానికంటే చిక్కగా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి, స్క్రీన్ మోడ్‌ను ‘నేచురల్’కు మార్చు. కొన్ని ఫోన్లలో దాన్నే ‘స్టాండర్డ్’ అంటారు. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే ఏర్పాటును ఆపెయ్యి. ఇప్పుడు ఆ ఫోను నీ ల్యాప్‌టాప్ కంటే నమ్మదగిన తెర అవుతుంది. కొనేవాళ్లు చూసేది కూడా ఫోనులోనే. నీ ల్యాప్‌టాప్‌ను ఫోటో కత్తిరించడానికి, ధరలు రాయడానికి, లెక్కలకు వాడుకో. రంగు మాత్రం ఫోనులో చూసే నిర్ణయించు, అది కూడా చీరను పక్కన పెట్టుకుని, పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని.

తిరిగొచ్చే చీరల్లో సగం తప్పు తెరదైతే, మిగతా సగం ఫోటో తీసేటప్పటి వెలుతురుది. కిటికీ వెలుతురు ఒక పక్క, ట్యూబ్‌లైటు ఇంకో పక్క పడుతుంటే ఒకే చీరలో రెండు ఛాయలు వస్తాయి. తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. లైటు ఆపేసి, ఎండ సూటిగా పడని కిటికీ పక్కన తియ్యి. ఫోటో దుకాణాల్లో బూడిదరంగు అట్ట దొరుకుతుంది, గ్రే కార్డ్ అంటారు. దాన్ని చీర మీద పెట్టి మొదటి ఫోటో తీసుకుంటే, సరిచేసేటప్పుడు ఆ అట్ట బూడిదగా కనిపించేలా తిప్పితే చాలు, చీర దానంతట అదే దారికొస్తుంది. జిరాక్స్ కాగితాన్ని ఇందుకు వాడకు. అది తెల్లగా మెరవడానికి కలిపే పదార్థం వల్ల పగటి వెలుతురులో కాస్త నీలంగా కనిపిస్తుంది. దాన్ని తెలుపనుకుని సరిచేస్తే చీర పసుపు వైపు పోతుంది.

ఇంకొక్క మాట. నెమలికంఠం రంగు పట్టులో కొన్ని ఛాయలు ఎస్‌ఆర్‌జీబీ పరిధిలోనే ఉండవు. ఎంత మంచి ఫోటో తీసినా అవి ఫోనులో పూర్తిగా రావు. అలాంటి చీరకు ఫోటో కింద రంగును మాటల్లో రాయి. ‘నెమలికంఠం, నీడలో నీలం, ఎండలో ఆకుపచ్చ మెరుపు’ అని రాస్తే మన ఆడవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీర అయితే, దాన్ని చేత్తో కదుపుతూ చిన్న వీడియో కూడా పెట్టు.

ప్రశ్న: మేడమ్, నేనూ నా స్నేహితుడూ ఒకే మోడల్ ల్యాప్‌టాప్ కొన్నాం. పక్కపక్కన పెడితే వాడి తెర పసుపు ఛాయలో, నాది నీలం ఛాయలో ఉన్నాయి. వాడు తెలిసినవాళ్ల దగ్గర క్యాలిబ్రేషన్ చేయించి, ఆ ప్రొఫైల్ ఫైలును నాకూ ఇచ్చాడు. దాన్ని వేసుకుంటే నా తెర ఇంకా ఘోరంగా తయారైంది. నాకు లోపమున్న ల్యాప్‌టాప్ అంటగట్టారా?
– కాకినాడ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: లోపం ఉండనక్కర్లేదు బాబూ. ల్యాప్‌టాప్ మీద పేరున్న కంపెనీ సాధారణంగా తెరను తయారు చేయదు. ఎల్‌జీ డిస్‌ప్లే, బీఓఈ, ఏయూ ఆప్ట్రానిక్స్, ఇన్నోలక్స్, శామ్‌సంగ్, షార్ప్ లాంటి సంస్థల దగ్గర కొని బిగిస్తుంది. ఒకే మోడల్‌కు ఇద్దరు ముగ్గురి దగ్గర తెరలు తీసుకోవడం మామూలే. కాగితం మీద అన్నిటికీ ఒకే వివరాలు ఉంటాయి. తెలుపులో ఛాయ, వెలుగు, నలుపు ఎంత నల్లగా ఉంది అన్నవి మాత్రం తేడాగా ఉంటాయి.

నీ తెర ఎవరిదో నువ్వే చూసుకోవచ్చు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, మానిటర్స్ కింద ఉన్న పేరు మీద కుడివైపు మౌస్ మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లు. డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీలను ఎంచుకుంటే ఒక కోడ్ వస్తుంది. అందులో ‘మానిటర్’ అన్న మాట తర్వాత వచ్చే మొదటి మూడు అక్షరాలు ఏయూఓ అయితే ఏయూ ఆప్ట్రానిక్స్, ఎల్‌జీడీ అయితే ఎల్‌జీ డిస్‌ప్లే, సీఎంఎన్ అయితే ఇన్నోలక్స్, ఎస్‌డీసీ అయితే శామ్‌సంగ్. బీఓఈ అన్నది అలాగే ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తెర తయారీదారు కోడ్ బదులు ల్యాప్‌టాప్ కంపెనీ కోడ్ కనిపిస్తుంది. అప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఇంకాస్త వివరం దొరకవచ్చు. మీ ఇద్దరివీ పోల్చి చూడండి.

స్నేహితుడి ప్రొఫైల్‌ను వెంటనే తీసెయ్యి. ఆ ఫైలులో ఉన్నది వాడి తెర కొలతలు, వాడి తెరకున్న పసుపును తగ్గించే లెక్క. నీ తెర ముందే నీలంగా ఉంది, దానికి ఇంకా నీలం జోడించుకున్నావు. ఇద్దరిదీ ఒకే సంస్థ తెర అయినా ప్రొఫైల్ పంచుకోవడం మంచిది కాదు. ప్రతి తెరను విడిగా కొలవాల్సిందే.

పరికరం లేకుండా కొంత చేయవచ్చు. విండోస్ వెతుకులాట పెట్టెలో ‘క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని కొడితే, కంటితో చూసి సరిచేసే మెట్లు వస్తాయి. చివర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం జరుపుడు మీటలు ఉంటాయి. నీలం మీటను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, బూడిదరంగు పట్టీల్లో ఏ ఛాయా లేకుండా చూసుకో. కన్ను ఎంత నీలానికైనా కాసేపట్లో అలవాటు పడిపోతుంది కాబట్టి, మధ్యమధ్య బయటికి చూసి వచ్చి మళ్లీ చూడు. దీనితో ముతక తేడా పోతుంది. కచ్చితత్వం మాత్రం పరికరంతోనే. పరికరం అరువు దొరికితే దానితో వాడుకోవడానికి డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. చాలా తెరల తెలుపు ఛాయను (వైట్ పాయింట్) 6500 కెల్విన్‌కు, నలుపు తెలుపుల మధ్య వెలుగులు ఎలా పెరగాలో చెప్పే గామాను 2.2కు సరిచేసుకుంటే సరిపోతుంది. మొదలుపెట్టే ముందు తెరను అరగంట వెలిగించి ఉంచు. కొలత పూర్తయ్యాక డెల్టా ఈ అనే అంకె చూపిస్తుంది, అంటే ఉండాల్సిన రంగుకూ తెర మీది రంగుకూ ఎంత దూరమో చెప్పే కొలత. సగటున 2 కంటే తక్కువ ఉంటే మంచి తెర కిందే లెక్క.

కొత్తది కొనేవాళ్లకూ ఇదే చోట చెబుతాను. దుకాణానికి ఒక పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. అందులో మూడు చిత్రాలు చాలు: నలుపు నుంచి తెలుపు దాకా మెల్లగా మారే పట్టీ, పూర్తి నల్లని చిత్రం, మీకు బాగా తెలిసిన మనిషి ముఖం. మొదటిదానిలో మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తే ఆ తెర రంగుకు 6 బిట్లతోనే నెట్టుకొస్తోందన్నమాట. 6 బిట్ల తెర స్వయంగా చూపగలిగేవి 2,62,144 రంగులు, 8 బిట్లదైతే 1,67,77,216. రెండో చిత్రంతో అంచుల నుంచి వెలుగు కారుతోందేమో తెలుస్తుంది. మూడోదాన్ని పెట్టి మూతను మెల్లగా వెనక్కి వంచండి. ముఖం రంగులు తిరగబడితే అది టీఎన్ రకం తెర, పక్కన పెట్టండి. హిటాచీ 1996లో తెచ్చిన ఐపీఎస్ రకం తెరలో ముఖం ఏ కోణం నుంచి చూసినా ముఖంలాగే ఉంటుంది. ప్రదర్శనకు పెట్టిన యంత్రానికీ సీలు వేసిన పెట్టెలోదానికీ తెర వేరు కావచ్చు కాబట్టి, ఆ పెట్టె విప్పించి మళ్లీ ఇవే చూడండి.

ప్రశ్న: అమ్మా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు రోజూ గంటల తరబడి చదువుతాను. మనవడు ఓఎల్‌ఈడీ తెర ల్యాప్‌టాప్ కొనిస్తానంటున్నాడు. ఐపీఎస్ కంటే మంచిదేనా?
– అనంతపురం నుంచి ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, రంగుల కోసం, సినిమా కోసం ఓఎల్‌ఈడీ చాలా గొప్ప తెర. ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. మీ పనికి మాత్రం నేను మెరుపు లేని గరుకు తెర ఉన్న మంచి ఐపీఎస్‌నే చెబుతాను. చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుగు తగ్గించినప్పుడు వేగంగా ఆరి వెలుగుతుంటాయి. అది కంటికి తెలియదు కానీ కొందరికి తలనొప్పి, కళ్ల అలసట తెస్తుంది. పైగా ఒకే తెల్ల పేజీ, ఒకే పట్టీ గంటల తరబడి కదలకుండా ఉంటే ఏళ్లు గడిచాక ఆ జాడ తెర మీద మిగిలిపోవచ్చు. వెలుగు 300 నిట్లకు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) తగ్గకుండా చూడమని మనవడితో చెప్పండి. పగలు కిటికీ పక్కన కూర్చుని చదవాలంటే 250 సరిపోదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు ఫోటో స్టూడియో ఉంది. పరికరం కొని తెర క్యాలిబ్రేట్ చేశాను. అయినా ల్యాబు నుంచి ఆల్బమ్‌లు నల్లగా వస్తున్నాయి. పెళ్లికూతురి ముఖం మరీ చీకటిగా ఉందని వాళ్ల అమ్మగారు బాధపడ్డారు. ల్యాబువాళ్లేమో మీ తెరదే తప్పంటున్నారు. ఇంకేం చేయాలి?
– కరీంనగర్ నుంచి ఒక స్టూడియో యజమాని

జవాబు: ఈ ఫిర్యాదును నేను టేబులుకు అవతలి వైపు నుంచి లెక్కలేనన్నిసార్లు విన్నాను. స్టూడియోవాళ్లు ల్యాబును అంటారు, ల్యాబువాళ్లు స్టూడియోను అంటారు, మధ్యలో ఆ తల్లి బాధపడుతుంది. పెళ్లి మళ్లీ జరగదు కాబట్టి ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు రంగును సరిచేశారు, వెలుగును వదిలేశారని నా అనుమానం. పరికరం పెట్టినప్పుడు మీ తెర వెలుగు ఎంత వచ్చిందో చూడండి. 300 నిట్లో, అంతకంటే ఎక్కువో ఉందంటే, తలుపులు మూసిన ఎడిటింగ్ గదిలో ఆ తెర మీద చీకటి ఫోటో కూడా వెలుగుగానే కనిపిస్తుంది. మీరు తృప్తిపడి పంపుతారు. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఎంత కాంతి పడితే అంతే తిరిగిస్తుంది. అచ్చు కోసం పనిచేసే తెర వెలుగు 80 నుంచి 120 నిట్ల మధ్య ఉండాలి. వెలుగు ఎంత ఉండాలని పరికరం ప్రోగ్రాం అడిగినప్పుడు 100 ఇచ్చి మళ్లీ చేయండి. తెల్లని ఖాళీ పేజీ తెర మీద తెరిచి, ఆల్బమ్ కాగితం ఒకటి దాని పక్కన లైటు కింద పెడితే రెండూ ఇంచుమించు ఒకే తెల్లదనంతో కనిపించాలి. మొదటి రోజు తెర మసకగా అనిపిస్తుంది, ఓర్చుకోండి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో దాగి ఉన్న ఆటోమేటిక్ ఏర్పాట్లన్నీ ఆపండి. బ్యాటరీ మిగల్చడానికి ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ రెండూ బొమ్మను బట్టి తెర వెలుగును తామే మార్చేస్తాయి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కూడా దృశ్యాన్ని బట్టి వెలుగు మార్చే ఎంపిక ఉంది. నైట్ లైట్, గది కాంతిని బట్టి మారే వెలుగు కూడా అంతే. వీటిలో ఏ ఒక్కటి పనిచేస్తున్నా చేసిన క్యాలిబ్రేషన్ నీళ్లపాలే. కరెక్షన్ చేసేటప్పుడు చార్జర్ తీయకండి.

కెమెరాలో రంగుల పరిధి ఏది ఎంచుకున్నారు? అడోబ్ ఆర్‌జీబీ అని ఉంటే, ల్యాబు సిస్టమ్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని అచ్చు వేస్తే ముఖాలు ప్రాణం లేనట్టు పాలిపోతాయి. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ పరిధి పెద్దదే, అచ్చు సిరాల్లోని నీలి ఆకుపచ్చ ఛాయలను పట్టుకుంటుంది. కానీ మీరూ మీ ల్యాబూ ముందే మాట్లాడుకుంటే తప్ప దాని జోలికి పోకండి. ఎస్‌ఆర్‌జీబీలో, ప్రొఫైల్ జత చేసి ఫైళ్లు పంపండి.

ల్యాబువాళ్లను వాళ్ల కాగితం ప్రొఫైల్ అడగండి. మంచి ల్యాబు ఇస్తుంది. ఫోటోషాప్‌లో వ్యూ మెనూ నుంచి ప్రూఫ్ సెటప్‌కు వెళ్లి దాన్ని ఎంచుకుంటే, ఆ కాగితం మీద ఫోటో ఎలా వస్తుందో తెర మీదే అంచనా కనిపిస్తుంది. పట్టుచీర ఎరుపు, పసుపు బట్టల పసుపు ఎక్కడ ముద్దయిపోతాయో అప్పుడే తెలిసిపోతుంది. ప్రొఫైల్ ఇవ్వని ల్యాబుకు ఒకే ఫోటోను నాలుగు వెలుగుల్లో చేసి ఒక పరీక్ష పేజీగా పంపండి. ఫైళ్ల మీద ‘ఆటో కరెక్షన్ చేయవద్దు’ అని తప్పకుండా రాయండి. లేకపోతే ల్యాబు యంత్రం తెల్ల మధుపర్కాలు నిండిన ఫోటోను మరీ వెలుగుగా ఉందనుకుని తనే చీకటి చేసేస్తుంది. పెళ్లికూతురి ముఖం నల్లబడటానికి నేను చూసిన కారణాల్లో ఇది చాలా పెద్దది.

మధుపర్కాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వేదిక మీద పసుపు లైట్లు, వీడియో లైట్లు కలిసి పడినప్పుడు రంగు ఎటు పోయిందో తెలుసుకోవడానికి మధుపర్కం తెలుపు మీకు మంచి ఆధారం. పసుపు అద్దిన అంచును వదిలి, నీడ పడని మడత దగ్గర చూడండి. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే చర్మం రంగు కూడా దారిలో ఉన్నట్టే. తలంబ్రాల ఫోటోల్లో మాత్రం దీన్ని నమ్మకండి, పసుపు బియ్యం మీదుగా వచ్చే వెలుగు తెల్లబట్టను కూడా పసుపు చేస్తుంది.

నెలకోసారి తెరను మళ్లీ కొలవండి. పరికరం ప్రోగ్రాంలో మీ తెర రకం సరిగా ఎంచుకోండి. మామూలు ఎల్‌ఈడీ తెరకు ఓఎల్‌ఈడీ అని పెడితే కొలతలే తప్పుగా వస్తాయి.

ప్రశ్న: అక్కా, నా పాత ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది, తెర ఒక్కటే బాగాలేదు. 1366×768 టీఎన్ తెర. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో ఐపీఎస్ తెర వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?
– వరంగల్ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్

జవాబు: వేయించుకోవచ్చు తమ్ముడూ, రెండు సంగతులు తేల్చుకున్నాక. ఒకటి, తెర వెనక కనెక్టర్ 30 పిన్నులదా, 40 పిన్నులదా చూడాలి. కొత్త తెరదీ అదే అయి ఉండాలి, బిగించే చెవులు కూడా అదే చోట ఉండాలి. రెండోది దుకాణాల్లో తరచు చెప్పనిది. తక్కువ రిజల్యూషన్ తెరతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి లోపలి కేబులులో సంకేతం వెళ్లే దారి ఒక్కటే ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెరకు రెండు కావాలి. అప్పుడు తెరతోపాటు కేబులు కూడా మార్చాలి, ఆ మోడల్‌కు అలాంటి కేబులు దొరుకుతుందో లేదో ముందే అడుగు. ఐపీఎస్ అన్న ఒక్క మాటకు డబ్బు కట్టకు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ఐపీఎస్ తెరలు కూడా ఉన్నాయి. తెర వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరును ఫోనులో ఫోటో తీసుకుని, దాని వివరాల్లో రంగుల పరిధి ఎంతో చూశాకే బిగించమను. బిగించాక దుకాణంలోనే పూర్తి తెలుపు, పూర్తి నలుపు చిత్రాలు పెట్టి చచ్చిన చుక్కలు లేవని చూసుకుని, బిల్లు మీద తెర మోడల్ నంబరు రాయించుకో.